అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: పెట్టెలో ఏం పెట్టాలి, ఏం ఇంట్లో వదిలేయాలి

మీరు అడిగింది ఇది: జూన్‌లో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్, విజయవాడ నుంచి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, మీరిద్దరూ, ఆరేళ్ల పాప. అమ్మగారు రైస్ కుక్కర్, ఆవకాయ జాడీ, దీపపు కుందులు అప్పుడే పక్కన పెట్టేశారు, నాన్నగారికి షుగర్, బీపీ, డాలస్ నుంచి విమానంలో వెళ్లాలి కాబట్టి పెట్టెలు పెరగకూడదు. నేను సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉంటాను, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు క్రూజులు బుక్ చేయడం చాలాకాలంగా నా పని, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది మర్చిపోతే ఓడ మీద ఎవరైనా ఇస్తారా, దిగిన ఊళ్లో కొనుక్కోగలమా? తువ్వాళ్లు, సబ్బు, షాంపూ, హెయిర్ డ్రయ్యర్, మూడు పూటలా తిండి ఓడవాళ్లే ఇస్తారు. మర్చిపోయిన స్వెట్టరో టూత్ పేస్టో ఓడ ఆగే జూనో, కెచికాన్ లాంటి అలాస్కా ఊళ్లలో దొరుకుతుంది. పాస్‌పోర్టు, వీసా, నాన్నగారి మందులు, అమ్మగారి కళ్లజోడు ఎక్కడా దొరకవు. కాబట్టి బట్టల సంగతి తర్వాత, ముందు కాగితాలు.

కాగితాల్లో అన్నిటికంటే ముందు కెనడా వీసా. మీరు రాసినదాంట్లో దాని ఊసే లేదు, అదే నాకు టెన్షన్. సియాటిల్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండా ఉన్నవే, 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అలాంటి ఓడ ఇక్కడ ఎక్కించుకున్న జనాన్ని పరాయి దేశపు రేవు ఒక్కటైనా తాకకుండా ఇక్కడిక్కడే తిప్పి దించకూడదు. అందుకే చాలా ట్రిప్పుల్లో చివర ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆపుతారు. ఆ కొద్ది గంటలకే ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాలి, మేం దిగం, రూములోనే కూర్చుంటాం అన్నా కుదరదు. అమ్మానాన్నల అమెరికా వీసా దానికి పనికిరాదు. మీరు హెచ్1బీ మీద ఉంటే మీ ఇద్దరికీ కావాలి, గ్రీన్‌కార్డు ఉంటే పాస్‌పోర్టు, కార్డు రెండూ పట్టుకెళితే చాలు. వీసా లేనివాళ్లను రేవులో కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, టికెట్ డబ్బు తిరిగి రాదు. వేలిముద్రలు ఇవ్వడం, పాస్‌పోర్టు పంపి స్టాంపింగ్ చేయించుకోవడం అన్నీ కలిసి వారాలకు వారాలు పడతాయి కాబట్టి ఈ సమాధానం మిగతాది తర్వాత చదివినా ఫరవాలేదు, ఆ అప్లికేషన్ ముందు మొదలుపెట్టండి. విక్టోరియా నుంచి వచ్చాక మళ్లీ అమెరికాలోకి వస్తున్నట్టే లెక్క, అందుకని అమెరికా వీసాలు ఆ తేదీకి చెల్లుతున్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇక ఒరిజినల్ పాస్‌పోర్టులన్నీ ఒక పౌచ్‌లో మీ భుజాన ఉండాలి, పెట్టెలో కాదు. ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, టెర్మినల్ బయటే పోర్టర్లు పెద్ద పెట్టెలన్నీ తీసేసుకుంటారు, అవి మళ్లీ మీ రూము గుమ్మం ముందు కనిపించేది సాయంత్రానికి, ఒక్కోసారి రాత్రి భోజనం వేళకి. పాస్‌పోర్టు ఆ పెట్టెలో ఉంటే చెకిన్ కౌంటర్ దగ్గర మీరు, ఓడ కడుపులో పాస్‌పోర్టు. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు ఇలా చేస్తూనే ఉంటారు. లగేజీ ట్యాగులు ఇంటి దగ్గరే ప్రింటు తీసి పెట్టెలకు తగిలించండి, పోర్టర్లకు ఇవ్వడానికి చిన్న డాలరు నోట్లు కొన్ని జేబులో ఉంచుకోండి.

కాబట్టి చేతి సంచీ అంటే ఆ మొదటి ఐదారు గంటలకు సరిపడా సామాను అన్నమాట. మందులు మొత్తం అందులోనే, వారానికి సరిపడా కాకుండా ఇంకో నాలుగైదు రోజులకు ఎక్కువగా, అసలు డబ్బాల్లో, స్ట్రిప్పుల్లో ఉన్నట్టుగానే, డాక్టరు చీటీతో సహా. పాప స్విమ్ డ్రెస్ కూడా అందులోనే పెట్టండి, ఎందుకంటే ఓడ ఎక్కగానే పిల్లలకు కనిపించేది స్విమ్మింగ్ పూలే, పెట్టె వచ్చేదాకా ఆగమంటే ఏడుపు. ఒక పల్చటి స్వెట్టరు, చార్జర్లు, కళ్లజోళ్లు కూడా.

నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారో మాత్రలేనో మీరు చెప్పలేదు. ఇన్సులిన్ అయితే రూములో ఉండే చిన్న ఫ్రిజ్‌ను నమ్ముకోవద్దు, చాలా ఓడల్లో అది కూల్‌డ్రింకులు చల్లబరిచే పెట్టె మాత్రమే. ముందే క్రూజ్ కంపెనీకి ఫోన్ చేసి మందుల ఫ్రిజ్ కావాలని చెబితే ఏర్పాటు చేస్తారు, వాడేసిన సూదులు వేయడానికి డబ్బా కూడా అడిగితే ఇస్తారు. రాత్రిళ్లు సీపాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది) వాడేవాళ్లయితే ఎక్స్‌టెన్షన్ వైరు, డిస్టిల్డ్ వాటర్ కూడా ఇలాగే ముందు అడగాలి. ఇన్సూరెన్స్ కార్డు మర్చిపోకండి, అంతకంటే ముందు ఆ విజిటర్ ఇన్సూరెన్స్ నడిసముద్రంలో, కెనడాలో పనిచేస్తుందో లేదో కనుక్కోండి. ఓడ డాక్టరు బిల్లు నేరుగా మీ రూము ఖాతాలో రాస్తాడు, ఇన్సూరెన్స్ దగ్గర వసూలు చేసుకోవడం తర్వాత మీ తిప్పలు.

వాంతుల మాత్రలు తప్పనిసరి. అలాస్కా దీవుల మధ్య నీళ్లు కదలనట్టే ఉంటాయి కానీ సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అడ్డూ ఆపూ లేని పసిఫిక్ మీదుగా పోతాయి, అక్కడ ఊగుతుంది. తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ, ముందే వేసుకోవాలి. ఇండియా నుంచి తెచ్చిన అవోమిన్ అయినా ఇక్కడి మెక్లిజిన్ అయినా మత్తుగా ఉంటుంది, గ్లకోమా ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. అమ్మగారు అల్లం మురబ్బా తెస్తానంటే తెచ్చుకోనివ్వండి, కంపెనీ ప్యాకెట్ అయితే చాలు.

ఆ కంపెనీ ప్యాకెట్ అనే మాట దగ్గరే ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఇంట్లో వండిన, ఇంట్లో పెట్టిన తిండి ఏదీ ఓడ మీదకు రానివ్వరు, సీలు తీయని, ఫ్రిజ్ అక్కర్లేని ప్యాకెట్లు మాత్రం కొద్దిగా రానిస్తారు, దాదాపు అన్ని లైన్లదీ, అంటే క్రూజ్ కంపెనీలదీ, ఇదే రూలు. అంటే ఆవకాయ జాడీ డాలస్‌లోనే ఉండిపోవాలి, దాని బదులు ఇండియన్ స్టోర్‌లో దొరికే చిన్న పచ్చడి పౌచ్‌లు, ఒక కారప్పొడి ప్యాకెట్, రెండు మూడు ఉప్మా కప్పులు, పాలు కలిసిన టీ పొడి సాషేలు. ఇవన్నీ పెద్ద పెట్టెలోనే వేయండి, పచ్చడిని విమానాశ్రయంలో ద్రవపదార్థం కిందే లెక్కేసి చేతి సంచీలోంచి తీసి పారేస్తారు. వేడినీళ్లు బఫే అంతస్తులో రాత్రిపూట కూడా దొరుకుతాయి. ఇంతకుమించి తిండి మోయక్కర్లేదు, నిజంగా. ఓడ కిచెన్‌లలో మనదేశం వాళ్లు చాలామంది పనిచేస్తారు, చాలా లైన్లలో రాత్రి మెనూలో ఒక ఇండియన్ వెజిటేరియన్ వంటకం ఉంటుంది. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను పలకరించి, పెద్దవాళ్లున్నారు, రోజూ పప్పు, అన్నం, ఒక కూర కావాలి అని చెప్పండి, మర్నాటి నుంచి వస్తాయి. రుచి మన గుంటూరు కారం కాదు, ఉత్తరాది చప్పదనం ఉంటుంది, అందుకే ఆ కారప్పొడి. పొద్దున బఫేలో తీపి లేని పెరుగు ఉంటుంది, రాత్రికీ అడిగితే తెచ్చిపెడతారు, పెరుగన్నానికి లోటు రాదు. ఓడలో ఇచ్చిన పండు సంచీలో వేసుకుని రేవులో దిగడం మాత్రం చేయొద్దని నాన్నగారికి ముందే చెప్పండి, పండ్లు, మాంసం బయటకు తీసుకెళ్లనివ్వరు.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, వేడి చేసేది ఏదైనా సరే, స్కానింగ్‌లోనే కనిపెట్టి తీసేసుకుంటారు. అగరొత్తులు, కర్పూరం, కొవ్వొత్తులు, దీపాలు కూడా అంతే. అమ్మగారికి ఇది కష్టంగానే ఉంటుంది, కానీ ఓడవాళ్లకు తుఫాను కంటే నిప్పంటే భయం, దానికి కారణం ఉంది. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో ఒక బాల్కనీలో రాజుకున్న మంట రూముల మీద రూములు కాల్చేసింది, పొగకు ఒక ప్రయాణికుడు చనిపోయాడు, ఎవరో పారేసిన సిగరెట్టు ముక్కే చాలావరకు కారణమని విచారణలో తేల్చారు. చుట్టూ సముద్రం ఉన్నా పరిగెత్తడానికి చోటుండదు. అందుకని దేవుడి ఫొటో చిన్నది, బ్యాటరీతో వెలిగే దీపం, విభూతి, కుంకుమ చాలు. నేను బుక్ చేసిన ఒకావిడ పొద్దున్నే బాల్కనీలో కొండల వైపు తిరిగి సహస్రనామం చదువుకునేది, ఇంట్లో పూజగది కంటే ఇక్కడే బాగుందని చెప్పింది. కొబ్బరికాయ కొట్టడం సియాటిల్ చేరాక చూసుకోవచ్చు.

సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్ కూడా నిషేధమే, ఇది చాలామందికి తెలియదు. ఓడలో కరెంటు ఏర్పాటు ఇళ్లలో ఉన్నట్టు ఉండదు, ఇళ్ల కోసం చేసిన ఆ స్ట్రిప్ అక్కడ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. కొన్ని లైన్లు మామూలు ఎక్స్‌టెన్షన్ వైర్లు కూడా వద్దంటున్నాయి. నాలుగైదు యూఎస్‌బీ పోర్టులున్న చార్జర్ ఒకటి రూముకొకటి పెట్టుకోండి, ఫోన్లన్నిటికీ సరిపోతుంది. రూముల్లో అమెరికా ప్లగ్గులు ఉంటాయి, నాన్నగారి ఇండియా చార్జర్‌కు మాత్రం అడాప్టర్ కావాలి. ఓడ కదలగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, ముఖ్యంగా ఇండియా సిమ్ ఉన్నవి. సముద్రం మీద ఓడ నెట్‌వర్క్‌కు తగులుకుంటే వచ్చే బిల్లు చూసి నాన్నగారి బీపీ పెరుగుతుంది.

బట్టలు. జూన్ అయినా జూనోలో మధ్యాహ్నం పదిహేడు పద్దెనిమిది డిగ్రీలే, రాత్రిపూట పది డిగ్రీల లోపే, విజయవాడలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి పెట్టదు. చలి కంటే అసలు సమస్య వాన. కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాలకు పైగా పడుతుంది, విజయవాడలో పడేదానికి మూడు రెట్లు దాటి. అందుకని లావుపాటి కోటు ఒకటి మోసుకెళ్లడం దండగ, అది తడిస్తే ఆరదు, పెట్టెలో సగం అదే తింటుంది. ఒంటికి అంటుకునే థర్మల్స్ మనిషికి రెండు జతలు, దాని మీద పల్చటి ఫ్లీస్ స్వెట్టరు, అన్నిటికంటే పైన టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్. ఎండొస్తే ఒక్కోటి విప్పేయొచ్చు. గొడుగు వద్దు, రేవుల్లో గాలికి తిరగబడిపోతుంది. జీన్సు ప్యాంట్లు ఒకటికి మించి వద్దు, తడిస్తే రెండు రోజులు ఆరవు.

అమ్మగారు చీర తప్ప కట్టరంటే కట్టుకోనివ్వండి, దానికేం, కాకపోతే జార్జెట్, పాలియెస్టర్ లాంటివి, లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకు సాక్సులు, తడిసినా జారని షూ. కెచికాన్‌లో క్రీక్ స్ట్రీట్ అంతా వాగు మీద గుంజలు పాతి వేసిన చెక్కల దారి, వానకు జారుతుంది, చెప్పులతో నడవనివ్వకండి. కాటన్ చీరలు, జరీ పట్టుచీరలు ఇంట్లోనే. నాన్నగారి మంకీ క్యాప్ చూసి మీరు సిగ్గుపడుతూ ఉంటారేమో, గ్లేసియర్ బేలో మంచుగోడ ముందు ఓడ ఆగినప్పుడు డెక్ మీద గాలికి చెవులు పోతుంటే అందరూ ఆయన వంకే అసూయగా చూస్తారు. చేతి గ్లవ్స్, ఫోను నొక్కడానికి వీలైనవి, ఆ రోజుకే అయినా తీసుకెళ్లాలి. బైనాక్యులర్స్ మాత్రం రెండు జతలు తీసుకోండి, ఈ ఒక్క విషయంలో నేను బరువు తగ్గించమని చెప్పను. తిమింగలం నీళ్ల మీదకు వచ్చేది కొన్ని క్షణాలే, ఉన్న ఒక్కటీ చేతులు మారేలోపు తోక కూడా మునిగిపోతుంది.

రెండు రాత్రులు కాస్త ముస్తాబు కావాల్సిన డిన్నర్లు ఉంటాయి, మీ లైను నార్వీజియన్ అయితే ఆ గోల దాదాపు లేదు. సూటు మోసుకెళ్లకండి. మీకు ఒక కాలరు చొక్కా, ముదురు రంగు ప్యాంటు, ఆడవాళ్లకు ఒక్కో మంచి చీర, అదే రెండు రాత్రులూ కట్టినా ఎవరూ చూడరు. బంగారు గాజులు, నెక్లెసులు తీసి డాలస్‌లోనే పెట్టి రండి, మెడలో ఉండేవి ఉంటే చాలు. నైటీ, లుంగీ రూములో ఎంతైనా వేసుకోవచ్చు, బఫేకి మాత్రం అలా వెళ్లొద్దని ముందే ఇంట్లో మాట్లాడుకోండి, అక్కడ చెబితే చిన్నబుచ్చుకుంటారు.

ఎవరూ అడగరు గానీ అందరికీ కావాల్సింది ఒకటుంది, బాత్రూమ్ చెంబు. ఓడ బాత్రూముల్లో మగ్గు ఉండదు, జెట్ ఉండదు. తేలికపాటి ప్లాస్టిక్ మగ్గు ఒకటి, లేదా ఇక్కడ అమ్మే పిండే సీసా, పెద్దవాళ్ల రూములో తప్పనిసరి. అక్కడి టాయిలెట్ గాలితో లాగేసే రకం, కాగితం తప్ప ఏం వేసినా మొత్తం వరస రూములకు అడ్డం పడుతుంది, ఇది కూడా చెప్పండి. గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తెచ్చుకుంటే తడి జాకెట్లు వేలాడేయొచ్చు, బొత్తిగా ఖర్చు లేని సుఖం. శానిటైజర్ సీసాలు పెట్టె నిండా మోయక్కర్లేదు, ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు అది అంతగా పనిచేయదు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగడమే. ఇంకా, జూన్‌లో రాత్రి పదింటికి గానీ పొద్దు పోదు, నాలుగింటికల్లా వెలుగొస్తుంది, పాపకు కళ్ల మీద కట్టే గుడ్డ ఒకటి.

ఎన్ని జతలు అంటారా, నాలుగు రోజులకు సరిపడా, అంతే. ప్రిన్సెస్ ఓడల్లో, కార్నివాల్‌వి చాలా ఓడల్లో డబ్బు కట్టి మనమే ఉతుక్కునే మెషిన్లు ఉంటాయి, రాయల్ కరీబియన్‌లో ఉండవు, సంచీ ఇచ్చి ఉతికిస్తారు. మనిషికి ఒక మాదిరి పెట్టె చాలు, ఖాళీ పెట్టెలు మంచం కింద పట్టాలి కదా. ఓడ ఆగే ఇంకో అలాస్కా ఊరు స్కాగ్వేలో, వైట్ పాస్ అనే కొండ కనుమ మీదకు పోయే రైలు ఎక్కినప్పుడు గైడ్ చెప్పే సంగతి విని మీ అమ్మగారికి తెలుగులో చెప్పండి: 1898లో బంగారం కోసం ఆ కనుమ ఎక్కి కెనడాలోకి పోయేవాళ్లను ఏడాదికి సరిపడా సామాను ఉంటేగానీ పోలీసులు లోపలికి రానిచ్చేవారు కాదు, మనిషికి దాదాపు ఒక టన్ను, దాన్ని విడతలు విడతలుగా వీపు మీద మోశారు, ఆ దారిలో మూడు వేల గుర్రాలు చచ్చిపోయాయి. రైస్ కుక్కర్ గురించి ఇంకెవరూ మాట్లాడరు. అన్నట్టు ఆ రైలు టూరుల్లో కొన్ని సరిహద్దు దాటి వెళతాయి, అవి తీసుకుంటే ఆ రోజు కూడా పాస్‌పోర్టులు దగ్గర ఉండాలి.

డాలస్ నుంచి ఒకరోజు ముందే సియాటిల్ చేరండి, ఓడ ఎవరి విమానం కోసమూ ఆగదు. పెట్టె ఒక్కటి తప్పిపోతే అది వెతుక్కుంటూ ఓడ వెనక రాదు కాబట్టి అమ్మగారి బట్టలు ఒక జత మీ పెట్టెలో, మీవి ఒక జత వాళ్ల పెట్టెలో కలిపేయండి. చివరి రాత్రి పెద్ద పెట్టెలు పదింటికో పదకొండింటికో రూము బయట పెట్టమంటారు, తెల్లారేసరికి అవి రేవులో ఉంటాయి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, లోదుస్తులు, మందులు పెట్టెలోకి వెళ్లకుండా ముందే కుర్చీ మీద తీసిపెట్టుకోండి, నైట్ ప్యాంటుతో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడే ఒక పెద్దాయన ప్రతిసారీ ఉంటాడు.

మీ ఓడ పేరు, నాన్నగారి మందులు ఇన్సులినో మాత్రలో, మీకు గ్రీన్‌కార్డు ఉందో లేదో రాయండి, ఫ్రిజ్ సంగతి, లాండ్రీ సంగతి ఆ ఓడకు తగ్గట్టు చెబుతాను.